పసుపన్నం బండ దాకా

మా ముత్తాత దేవుడి తలంబ్రాలు వండుకు తిన్నాడని నాకు మొదట చెప్పింది మా ఆయన. చెప్పేటప్పుడు ఆయన నోటినిండా మరమరాలున్నాయి. మాట కంటే ముందు మరమరాలే నా మీద పడ్డాయి.

"మీ ముత్తాత పేరు నరసయ్యనే గదా?" అన్నాడు, చేతిలో పుస్తకం మూయకుండా.

"అవును. ఏం?"

"సత్తుపల్లి దిక్కు ఊరు. మోతుబరి. కిర్రుచెప్పులు, మెలేసిన మీసాలు..." అంటూ పుస్తకం నా ఒళ్లో పడేశాడు. "గీయనే. ఏకంగ అచ్చుకెక్కిండు."

పుస్తకం పేరు 'అడవి దారి, పొయ్యి రాళ్లు'. బస్సులు లేని రోజుల్లో శ్రీరామనవమికి కాలినడకన భద్రాచలం వెళ్లినవాళ్లు దారిలో ఎక్కడెక్కడ ఆగారు, ఏం వండుకున్నారు అన్నది అందులో విషయం. రాసినాయన జూలూరుపాడులో ఉండే రిటైర్డ్ టీచరు లక్ష్మయ్య సారు. మేముండే ఖమ్మంలో పాత పుస్తకాల బండి మీద మా ఆయనకి దొరికింది. తిండి గురించి రాసింది ఏది కనిపించినా ఆయన వదలడు. బొగ్గు గనిలో పనిచేసినన్నాళ్లూ భూమి లోపల కూర్చుని సద్ది తిన్న మనిషి, ఇప్పుడు బాల్కనీలో కూర్చుని తిండి గురించి చదువుకుంటున్నాడు. అందులో ఏడో అధ్యాయం 'తలంబ్రాలు తిన్న పెద్దమనిషి'.

భద్రాద్రి రాముడి పెళ్లికి గోటి తలంబ్రాలు పంపే ఊళ్లు మా వైపు చాలా ఉన్నాయి. ఆ వడ్లని దంచరు, మిల్లుకి పంపరు. అందరూ కూర్చుని ఒక్కో గింజనీ గోటితో వొలుస్తారు. గింజ విరిగితే పక్కన పెట్టేస్తారు. మా ఊరి రామాలయంలో మొదటి గింజ మా ఇంటివాళ్లే వొలవాలి. దానికి కారణం మా ముత్తాత. ఊరంతా కూర్చుని వొలిచి, పసుపూ నెయ్యీ కలిపి ఇచ్చిన మూటని ఆయన నెత్తిన పెట్టుకుని, తోడెవరూ వద్దని అడవిలో ఒక్కడే నడిచి, వాగులు పొంగినా లెక్కచేయకుండా, పచ్చి మంచినీళ్లైనా ముట్టకుండా తీసుకెళ్లి రాముడికి అప్పగించాడని మా ఇంట్లో చెబుతారు. నేను చిన్నప్పుడు ఈ కథ విని కళ్లనీళ్లు పెట్టుకున్నదాన్ని.

పుస్తకంలో కూడా అడవి ఉంది, వాగు ఉంది, మూట ఉంది. కాకపోతే వాగు దగ్గర రెండు రోజులు చిక్కుకుపోయి, ఆకలికి ఆగలేక, మూట విప్పి ఒక బండ మీద పొయ్యి పెట్టి తలంబ్రాలు వండుకు తిన్నాడట. వాగు తగ్గాక భద్రాచలం వెళ్లి, అంగట్లో బియ్యం కొని, పసుపు కలిపి ఇచ్చి, ఊరికొచ్చి మెడలో దండ వేయించుకున్నాడట. పైగా చివర్లో ఒక చురక, దేవుడికి తెలిసినా ఊరికి తెలియలేదని.

ఇంతవరకూ మా ఇంట్లో ఇద్దరి మధ్య సంగతి. మా ఆయన ఊరుకుంటేగా. ఆ పేజీ ఫొటో తీసి, నవ్వుకుంటాడని మా పెదనాన్న కొడుక్కి పంపాడు. వాడు నవ్వుకుని ఊరి గ్రూపులో పెట్టాడు. ఊరంతా నవ్వుకుంది. మర్నాడు పొద్దున్నే మా మేనత్త రత్తమ్మ ఫోను.

"ఏమే సరోజా, నీ మొగుడు చేసిన పని తెలుసా?" అంది. ఎనభై రెండేళ్ల మనిషి, గొంతు ఖంగున మోగుతుంది. ఇప్పుడు మొదటి గింజ వొలిచేది ఆవిడే. "ఈసారి మొదటి గింజ వేరే ఇంటికిద్దామని గుడి కమిటీలో గుసగుసలట. ఆ రాసినాయన్ని పట్టుకుని, తప్పు రాశానని కాయితం మీద సంతకం పెట్టించుకురా. ఐదో రోజు వడ్లు ముందేసుకుంటాం. కాయితం రాకపోతే నేను రామాలయం మెట్లెక్కను. వాళ్లు తీసేసేదాకా ఆగను, నేనే మానుకుంటా."

ఆవిడ అన్నంత పనీ చేస్తుంది. భర్త పోయిన ఏడాది కూడా గింజ వొలవడం మానని మనిషి. నేను బట్టలు సర్దుకున్నాను. మా ఆయన కారు తుడిచాడు. "తప్పు నాది గద, నేనొస్త," అన్నాడు. ఆ ముఖంలో తప్పు చేసిన ఛాయలేమీ లేవు. సినిమాకి బయల్దేరినంత హుషారుగా ఉన్నాడు.

జూలూరుపాడు

దారి పొడుగునా సారుతో అనాల్సిన మాటలు కూడబలుక్కున్నాను. "అయ్యా, చనిపోయినవాడు వచ్చి జవాబు చెప్పుకోలేడు" అన్నది మొదటి వాక్యం. రెండుసార్లు పైకి కూడా అనుకున్నాను. బాగుందన్నాడు మా ఆయన.

మిర్చి కోతల కాలం. సారు ఇంటి పక్కనే కల్లం, అందులో ఎర్రగా ఆరబోసిన మిర్చి. గేటు తీస్తూనే నాకు తుమ్ములు మొదలయ్యాయి. "అయ్యా, చనిపోయిన..." అని ఒక తుమ్ము. "చనిపోయినవాడు..." అని రెండు. సారు కంగారుగా బయటికొచ్చి, "ఎవరు పోయిండ్రమ్మా?" అని అడిగాడు. అంత కష్టపడి కూర్చుకున్న కోపం తుమ్ముల్లో కొట్టుకుపోయింది. సారు భార్య మజ్జిగ తెచ్చిచ్చింది. మజ్జిగ తాగిన ఇంట్లో గట్టిగా మాట్లాడటం ఎలాగో నాకు తెలియదు.

నేనెవరో చెప్పగానే సారు ముఖం వెలిగిపోయింది. "నరసయ్యగారి ఇంటోళ్లా? రండ్రి, కూసోండ్రి. మీకోసమే సూస్తున్న."

తిట్టడానికొచ్చినవాళ్ల కోసం ఎదురుచూసే మనిషిని నేనెప్పుడూ చూడలేదు. "మీరు రాసింది తప్పండీ. తప్పని ఒక కాయితం రాసివ్వండి," అన్నాను.

"తప్పని తేలితే గిప్పుడే రాసిస్త. రెండో అచ్చుల ఆ అధ్యాయమే ఉండది. గాని నేను ఊహించి రాయలేదమ్మా. దమ్మపేట అవతల పసుపన్నం బండ అని ఒక జాగున్నది. ఆడ కన్నమ్మ అని కోయ ముసలామె. ఆమె నాయిన చిన్నప్పుడు కండ్లార సూసిండు. ఆమె చెప్పిందే రాసిన."

"ఆవిడ ఏం చెబితే అది రాసేయడమేనా?"

సారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఆమె నాకు సగమే చెప్పిందమ్మా. మిగిలిన సగం ఆ ఇంటోళ్లు ఎవరన్న వస్తె వాళ్లకే చెప్త అన్నది. నేను మూడుసార్లు పోయిన. మూడుసార్లు గదే మాట. మీరు పోయి అడుగుండ్రి. అది విన్నంక గూడ తీసెయ్యమంటె తీసేస్త."

నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ మిగిలిన సగంలో మా ముత్తాత కడిగిన ముత్యంలా బయటపడతాడని గట్టిగా నమ్మాను. బియ్యం ఏ దొంగో ఎత్తుకుపోయి ఉంటాడు, లేదా ఏ ఎలుగుబంటో తినేసి ఉంటుంది. ఎలుగుబంటి అయితే మరీ బాగుంటుందనుకున్నాను.

చండ్రుగొండ

మధ్యాహ్నం భోజనానికి ఆగాం. రేకుల షెడ్డు, నాలుగు బల్లలు. వండేదీ వడ్డించేదీ ఒకావిడే. ఎనభై రూపాయలకి పప్పు, గోంగూర, పచ్చిపులుసు, పెరుగు. ఖమ్మంలో అయితే రెండోసారి పప్పు కావాలంటే చెయ్యెత్తి పిలవాలి. ఇక్కడ వద్దని చెయ్యి అడ్డం పెట్టినా వేళ్ల సందుల్లోంచి పోసేస్తుంది. పచ్చిపులుసులో వేయించిన నువ్వుల పొడి వేసింది. మా ఇంట్లో అది వేయరు. వేయకపోవడం మా తప్పేనని ఒప్పుకున్నాను.

మా ఆయన అప్పటికే కథ మొదలుపెట్టాడు. దారిలో ఎవరు కనిపించినా ఆయన మా ముత్తాత గురించి చెబుతాడు, తీర్పు అడుగుతాడు. ఆవిడ గంటె పట్టుకునే విన్నది. "ఆకలైతే తినడా మల్ల?" అంది. "దేవుడు పెండ్లినాడు ఉపాసం ఉన్నడా ఏంది? ఆయనకేం తక్కువ?"

నాకు ఆవిడ మీద చాలా ప్రేమ పుట్టింది. కానీ బయట కారు టైరులో గాలి కొడుతున్న ముసలాయన కూడా ఈ కథంతా విన్నాడు. "తింటె తిన్నడు," అన్నాడు తల ఎత్తకుండా. "దండెందుకు ఏయించుకున్నడు?"

గాలికి ఇరవై రూపాయలిచ్చి కారెక్కాను.

ఊరు దాటాక అడవి. మోదుగులు ఆకు రాల్చి ఒంటినిండా పూశాయి. ఫొటో తీద్దామని దిగిన నిమిషంలో ఒక కోతి కారులోకి దూరి నా సంచి లాక్కుపోయింది. అందులో అరటిపళ్లు, పుస్తకం ఉన్నాయి. అరటిపళ్లు తినేసి, పుస్తకం తెరిచి చాలాసేపు చూసి, ముందుమాట చింపి నమిలి, నచ్చక మిగతాది కింద పారేసింది. పరిగెత్తి తీసుకుని చూస్తే మా ముత్తాత అధ్యాయం చెక్కుచెదరలేదు.

"కోతికి గూడ మీ ముత్తాత రుచించలే," అన్నాడు మా ఆయన.

దమ్మపేట

ఆ పూట మా ఆయన పాత దోస్తు ఇంట్లో దిగాం. ఎటు చూసినా పామాయిల్ తోటలే. చెట్ల వరుసల మధ్య నిలబడితే మిట్టమధ్యాహ్నం కూడా సాయంత్రమే అనిపిస్తుంది. ఆ దోస్తు భార్యది కోస్తా వైపు నుంచి వచ్చిన కుటుంబం. మాట తీరు మా అత్తయ్యలాగే ఉంది. "ఎట్టా ఉన్నారు, ఏంటి సంగతులు" అంటూ ఉంటే నాకు పుట్టింట్లో ఉన్నట్టే అనిపించింది.

పొద్దున్న దారిలో తినమని పులిహోర కట్టిచ్చింది. పొట్లం విప్పితే పచ్చగా మెరుస్తోంది. "పసుపన్నం తింటవా మరి? మీ ఇంట్ల అలవాటే గద," అన్నాడు మా ఆయన. పులిహోర మొత్తం ఆయనే తిన్నాడు. దారిలో ఒక బండి దగ్గర నేను మిరపకాయ బజ్జీలు కొనుక్కుని, ఆ బండి డ్రమ్ములో నీళ్లే తాగాను. ఈ నీళ్ల సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత నాకే సిగ్గుచేటైంది.

పసుపన్నం బండ

తారురోడ్డు మట్టిరోడ్డయింది, మట్టిరోడ్డు ఇసుకయింది. ఇసుకలో కారు ఇక కదలనంది. మిగిలిన దూరం నడిచాం. అడవి అంచున పది పన్నెండు ఇళ్లు. కన్నమ్మ ఇంటి వాకిలి అలికి, గచ్చు కన్నా నున్నగా ఉంది. ఒక చాప మీద ఇప్పపూలు ఎండుతున్నాయి. తడిక పక్కన నులక మంచం మీద సన్నగా, నిటారుగా కూర్చున్న ముసలావిడే కన్నమ్మ.

లక్ష్మయ్య సారు పంపాడని, నేను నరసయ్య మునిమనవరాలినని చెప్పాను. ఆవిడ నన్ను కింది నుంచి మీది దాకా చూసింది. కోడలితో వాళ్ల భాషలో ఏదో అంది. ఇద్దరూ నవ్వారు.

"ముక్కు సూస్తున్న," అంది తెలుగులో. "ముక్కు పెద్దగుంటదని మా నాయిన చెప్పిండు. గట్లనే ఉన్నది."

మా ఆయన సంతోషానికి హద్దుల్లేవు.

"ఎండల పడి వచ్చిండ్రు. ముందుగాల అంబలి తాగుండ్రి," అంది కన్నమ్మ. కోడలు కుండలోంచి సొరకాయ బుర్రతో ముంచి, ఆకు దొన్నెల్లో పోసి ఇచ్చింది. మా ఆయన గటగటా తాగి రెండోది అడిగాడు. నేను దొన్నె పక్కన పెట్టి, "ఇప్పుడే తిని వచ్చాం పెద్దమ్మా. నా దగ్గర నీళ్ల సీసా ఉంది," అన్నాను. "మా ముత్తాత సంగతి ఏదో మాకే చెబుతానన్నావట."

"చెప్త."

చెప్పలేదు. ఇప్పపూలు తిరగేసింది. కోడిని అదిలించింది. నేను మళ్లీ అడిగాను.

"అంబలి సల్లారిపోయేది గాదులే, సల్లగనే ఉంటది," అంది. "నువ్ తాగేదాంక ఆగుత."

మా ఆయన నా వైపు చూశాడు. ఆ చూపులో ఎగతాళి లేదు. అదే నాకు ఎక్కువ గుచ్చుకుంది. నీళ్లు ఎలాంటివో, కడుపుకి పడుతుందో లేదో అని నాకు నేను చెప్పుకుంటున్నాను. గంట క్రితం బజ్జీల బండి డ్రమ్ములో నీళ్లు తాగినప్పుడు ఈ కడుపు ఏమైంది? మా అత్తయ్య ఇంటి పెరటి గోడ మీద, పనివాళ్ల కోసం విడిగా బోర్లించి ఉండే గ్లాసు గుర్తొచ్చింది. చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను దాన్ని. అది అక్కడెందుకు ఉందని ఒక్కసారి కూడా అడగలేదు. నాకు నిజంగా సిగ్గేసింది. దొన్నె ఎత్తి తాగాను. చల్లగా, పుల్లగా, ఉప్పుగా ఉంది. ఆ ఎండకి ప్రాణం కుదుటపడింది. రెండో దొన్నె నేనే అడిగాను, మొహమాటానికి కాదు.

కన్నమ్మ కర్ర అందుకుని లేచింది. "పా, సూపిస్త."

ఇళ్ల వెనకే వాగు. ఇప్పుడు మోకాలి లోతు కూడా లేదు. గట్టున నల్లటి బండ, నలుగురు కూర్చునేంత. ఆవిడ దాని మీద కూర్చుని చెప్పింది.

"గీడనే రెండు దినాలున్నడు. అకాల వాన. వాగు ఊళ్లె దాంక వచ్చింది. తెచ్చుకున్న సద్ది తడిసి పాసిపోయింది. మా అవ్వ, మా నాయిన తల్లి, అంబలి తెచ్చిచ్చింది. ముట్టలే. ఉడకేసిన గడ్డలు తెచ్చిచ్చింది. ముట్టలే. మా చేతిది తింటె కులం పోతదంట. ఆకలికేమొ కండ్లు తిరుగుతున్నయ్. రెండో దినం పొద్దుగాల మూట ఇప్పిండు. కుండ మాత్రం మాదే అడిగిండు."

"కుండ పరవాలేదా?" అన్నాను.

"కొత్త కుండ. అయినా కడిగిండు, బోర్లిచ్చిండు, ఎండల పెట్టిండు, మల్ల కడిగిండు. మా నాయిన గదంత చేసి సూపిచ్చెటోడు, మేం పడి పడి నవ్వెటోళ్లం." ఆవిడ ఇప్పుడూ నవ్వింది. "పాపం, దొరకు వండుడు రాలే. పుట్టినంక పొయ్యి మొకం సూస్తె గద. మంట పెద్దగ పెట్టిండు, నీళ్లు తక్కువ పోసిండు. కింద మాడింది, మీద పలుకు. రెండు ముద్దలు తినెవరకు కక్కుకున్నడు. ఆ మాడంత మా నాయిన, వాళ్ల దోస్తులు గీకి తిన్నరు. పచ్చగ, నెయ్యి వాసన. అసొంటిది వాళ్లెన్నడు తినలే. గందుకే పిల్లలు పసుపన్నం బండ అన్నరు. గదే పేరు నిలిచింది."

ఎలుగుబంటి రాలేదు. దొంగా రాలేదు. తిన్నాడనుకున్నవాడు సరిగ్గా తినను కూడా లేదు. ఊరంతా గోళ్లు అరగదీసుకుని వొలిచిన బియ్యం మాడబెట్టాడు.

"గీ మాట సారుకు గూడ చెప్పిన," అంది కన్నమ్మ. "మంచిగ రాసుకున్నడు, కులం మాట ఇడిసిపెట్టి. ఇంక చెప్పంది ఒకటున్నది. ఆ సాయంత్రం ఆయన లేసి, తూలుకుంట మా ఇంటికొచ్చి, మా అవ్వ ముంగట కూలబడ్డడు. అంబలి పొయ్యమన్నడు. ఎన్ని దొన్నెలు తాగిండో ఎరికేనా? ఆరు. తాగి ఏడ్సిండు. ఏడ్సి ఏమన్నడంటె, 'అమ్మా, నేను దేవుడి బియ్యం ముట్టినని ఎవలకన్న చెప్పుకో. నీ అంబలి తాగినని మాత్రం చెప్పకు.' మా అవ్వ మాటిచ్చింది. మా నాయిన నిలబెట్టిండు. నేను నిలబెట్టిన."

నాకు ముత్తాత మీద చెప్పలేనంత కోపం వచ్చింది. దేవుడి సొమ్ము మీద చెయ్యి వేయడానికి జంకలేదు, ప్రాణం నిలబెట్టిన అంబలికి జంకాడు. పుస్తకం ఆయన్ని బజారున పడేసిందని నేను పోట్లాటకి బయల్దేరాను. నిజానికి కులం మాట రాయకుండా పుస్తకం ఆయన్ని కాపాడింది.

"మరి నాకెందుకు చెప్పావు పెద్దమ్మా? ఇచ్చిన మాట పోయింది కదా?"

"నువ్ తాగినవ్ గద, అందరి ముంగట," అంది ఆవిడ తేలిగ్గా. "ఇంక దాసేదేమున్నది?"

బయల్దేరేటప్పుడు కోడలు పాత గుడ్డలో నాలుగు దోసిళ్ల వడ్లు మూటకట్టి తెచ్చింది. వాళ్ల పోడులో పండినవి. కన్నమ్మ నా చేతిలో పెట్టింది. "అప్పటి తలంబ్రాలల్ల మా నాయిన తిన్నయ్ గూడ ఉన్నయ్ గద. వాటికి బదులు ఇయ్యి కలుపుండ్రి."

కారు దాకా నడిచేటప్పుడు మా ఆయన ఒక్క పరిహాసం కూడా ఆడలేదు. ఒంట్లో బాగాలేదేమోనని అడిగాను.

భద్రాచలం

ముత్తాత నడిచిన దారి పూర్తి చేయాలనిపించి మర్నాడు భద్రాచలం వెళ్లాం. గోదావరి సన్నగా పారుతోంది. తీర్థానికి వచ్చినవాళ్లు ఇసుక మీద అంతదూరం నడిచి వెళ్లి మునుగుతున్నారు. పూలమ్మే ఆవిడ మూర తులసి ఇరవై అంది. ఇంటి దగ్గర తులసికి ఎవరూ డబ్బు అడగరని గొణిగాను. "మీ ఇంటి కాడ రాముడు లేడు గదమ్మా," అని నా నోరు మూయించింది.

దర్శనం వరుసలో నిలబడి రాముడికి ఏం చెప్పుకోవాలో తెలియలేదు. మా ముత్తాత మీకు అంగడి బియ్యం ఇచ్చాడు, క్షమించండి అందామనుకున్నాను. తీరా ముందుకెళ్లాక, మా అత్తయ్యకి ఏం చెప్పమంటారు అని అడిగాను. వెనకవాళ్లు తోశారు. జవాబు వినే వీలు చిక్కలేదు.

నిజంగానే అదే నా దిగులు. కాయితం లేదు. అబద్ధం చెప్పడం చాలా తేలిక. కన్నమ్మ అసలు అలాంటిదేమీ జరగలేదంది అంటే చాలు, లక్ష్మయ్య సారు పేజీ తీసేస్తాడు, అత్తయ్య మెట్లెక్కుతుంది, అందరూ సంతోషంగా ఉంటారు. మా ఆయనని అడిగితే, "నీ ఇష్టం. అంబలి మాత్రం నువ్ తాగినవ్, అది యాదుంచుకో," అన్నాడు.

తిరిగి మా ఊళ్లో

ఐదో రోజు పొద్దున్న. అత్తయ్య పట్టుచీర కట్టుకుని అరుగు మీద కూర్చుంది. ఆవిడని రామాలయానికి తీసుకెళ్లడానికి వచ్చిన ఆడవాళ్లు ఆరేడుగురు వాకిట్లో పళ్లేలతో నిలబడ్డారు. వాళ్లతో పాటు కమిటీ కార్యదర్శి, అత్తయ్యకి వరసకి మనవడు, ఎటు చూడాలో తెలియక ముగ్గు వైపు చూస్తున్నాడు.

"కాయితం తెచ్చావా?" అంది అత్తయ్య.

"తేలేదత్తయ్యా."

ఇంటి లోపలికి తీసుకెళ్లి చెబుదామనుకున్నాను. కన్నమ్మ అన్న 'అందరి ముంగట' గుర్తొచ్చి అక్కడే మొదలుపెట్టాను. సద్ది పాసిపోవడం, అంబలి ముట్టకపోవడం, కుండ కడగడం, అన్నం మాడటం, అన్నీ చెప్పాను. కుండ దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. ఆరు దొన్నెల దగ్గర ఎవరూ నవ్వలేదు. ఆయన తీసుకున్న మాట కూడా చెప్పాను. నేను మొదట తాగకుండా పక్కన పెట్టిన సంగతి కూడా దాచలేదు. చేతిలోని వడ్ల మూట కన్నమ్మ ఎందుకిచ్చిందో కూడా చెప్పాను.

అత్తయ్య ముఖం గట్టిపడింది. ఇక మెట్లెక్కదని అనుకున్నాను.

"జొన్నంబలా?" అంది.

"జొన్నంబలే."

"పులిసిందా?"

"పులిసింది."

"నాకు పదేళ్లప్పుడు తాత మంచాన పడ్డాడే," అంది నెమ్మదిగా. ఖంగున మోగే ఆ గొంతు అంత నెమ్మదిగా పలకడం నేనెప్పుడూ వినలేదు. "నెలరోజులు అంబలి, అంబలి అని అడిగాడు. మేం పాలు పోశాం, పాయసం పోశాం. ఉమ్మేశాడు. మన ఇంట్లో అంబలేంటి, ముసలాయనకి మతి పోయిందనుకున్నాం. మా అమ్మ నా చేతికి పాలగ్లాసిచ్చి పట్టమంటే, నా చెయ్యి తోసేశాడు. అట్టాగే పోయాడు." చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "పెరటి అవతల పాలేళ్ల ఇళ్లల్లో రోజూ కాచేవాళ్లే. ఒక్క గ్లాసు అడిగి పోస్తే పోయేది. ఎవరికీ తోచలేదు."

నాకూ ఏడుపొచ్చింది. ముత్తాత మీద అడవిలో పుట్టిన కోపం అక్కడితో పోయింది. ఆయన దాచిన మాట ఆయన్నే ఆకలితో పంపింది.

అత్తయ్య కళ్లు తుడుచుకుని, మా ఆయన వైపు చూసింది. పెళ్లయిన ముప్పై ఏళ్లలో ఆయనకి మొదటిసారి ఒక పని చెప్పింది. "ఏమయ్యా, ఫొటోలు పంపడం వచ్చుగా, ఆ సారుకి ఫోను కూడా చెయ్యి. పేజీ తీసెయ్యొద్దను. అంబలి సంగతి రాయమను. ఆరు దొన్నెలని రాయమను, తగ్గించొద్దను."

"అవ్, చేస్తనత్తమ్మా," అన్నాడు ఆయన, ఒక పక్క జేబులో ఫోను వెతుక్కుంటూ.

తర్వాత అత్తయ్య నా చేతిలోంచి వడ్ల మూట తీసుకుని లేచింది. వీధిలో ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. రామాలయం మెట్లు ఒక్కొక్కటే ఎక్కి, పరిచిన చాప మీద కూర్చుని, మూట విప్పి పళ్లెంలో పోసింది. ఊరి వడ్ల కంటే ఆ గింజలు సన్నగా, ఎర్రగా ఉన్నాయి. కార్యదర్శి గొంతు సవరించుకున్నాడు. "నానమ్మా, మొదటి గింజ సంగతి కమిటీలో..."

"ఈ మూటలోదే," అంది అత్తయ్య. "గింజ వాళ్లది. గోరు నాది. కాదనేవాళ్లెవరైనా ఉంటే ముందుకి రండి."

ఎవరూ రాలేదు. అత్తయ్య ఒక గింజ తీసి బొటనవేలి గోటితో నొక్కింది. పోడు వడ్ల పొట్టు గట్టిది, గింజ విరిగింది. పక్కన పెట్టి ఇంకోటి తీసింది. అది నిండుగా బయటికొచ్చింది. ఆడవాళ్లందరూ పళ్లేలు ముందుకి లాక్కున్నారు. ఫోను చేసి వచ్చిన మా ఆయన నా పక్కన చతికిలబడి, ఆ విరిగిన గింజ తీసి నోట్లో వేసుకోబోయి, అత్తయ్య చూపు చూసి మళ్లీ పళ్లెంలో పెట్టేశాడు.